ఫోన్‌లో అయస్కాంత రీడింగ్ పెరిగింది, రెండు రోజులకు భూమి కదిలింది. సంబంధం ఉందా?

శ్రీను_హనుమకొండ | 2025 మే 18, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవాణ్ని, భూగర్భ శాస్త్రం తెలియదు. తప్పు మాట్లాడితే సరిదిద్దండి.

మొన్న 2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నరకు ములుగు అడవిలో 5.3 భూకంపం వచ్చినప్పుడు నేను మూడో అంతస్తులో స్నానానికి నీళ్లు పట్టుకుంటున్నాను. బకెట్‌లో నీళ్లు ఒక పక్కకు ఒరిగి, ఆగి, మళ్లీ రెండో పక్కకు వచ్చాయి. మోటారు ఆడుతోందేమో అనుకున్నాను. కిందికి దిగేసరికి కాలనీ అంతా రోడ్డు మీదే ఉంది.

అప్పటి నుంచి ఇదే ధ్యాస. భూకంపానికి ముందు భూమి అయస్కాంత క్షేత్రం మారుతుందని ఎక్కడో చదివాను. పాత ఫోన్ ఒకటి ఖాళీగా ఉంటే, అందులో అయస్కాంత క్షేత్రం కొలిచే యాప్ వేసి, హాల్లో గోడకున్న చెక్క అరలో పెట్టాను. ఫిబ్రవరి నుంచి రోజుకు మూడుసార్లు నోట్‌బుక్‌లో రాస్తున్నాను. రోజూ 43 మైక్రోటెస్లాలకు (క్షేత్రం బలాన్ని కొలిచే యూనిట్) అటూ ఇటూ.

మే 3 సాయంత్రం చూస్తే 48. మే 5 సాయంత్రం ఆసిఫాబాద్ వైపు 3.8 భూకంపం వచ్చింది, కరీంనగర్ దాకా తెలిసింది. అసలు భయం ఏమిటంటే రీడింగ్ ఇంకా దిగలేదు. ఇవాళ కూడా 48. పెద్దది రాబోతోందా? కాలనీ గ్రూపులో పెట్టాను. నాలుగు ఇళ్లవాళ్లు వాకిట్లో పడుకుంటున్నారు. మా అత్తమ్మ కూడా.

నర్సంపేట_మిర్చి | మే 18, రాత్రి 9:31

అన్నా, నువ్వు కనిపెట్టింది చిన్న విషయం కాదు. చైనావాళ్లు దీనికోసమే 2018లో ఉపగ్రహం పంపారు. గ్రీసులో ముగ్గురు శాస్త్రవేత్తలు నేలలో కరెంటు కొలిచి భూకంపాలు చెప్తామని 1980ల నుంచి అంటూ వచ్చారు. మనవాళ్లే పట్టించుకోరు. నోట్‌బుక్ ఫోటోలు పెట్టు.

ఏప్రిల్‌లో రామగుండం దగ్గర భూకంపం వస్తుందని ఒక పోస్టు తిరిగింది కదా, అందరూ ఎగతాళి చేశారు. మే 5న వచ్చిందా లేదా?

కాజీపేట_పెద్దాయన | మే 18, రాత్రి 9:50

తమ్మీ శ్రీను, ముందు అత్తమ్మను ఇంట్లో పడుకోమను. దోమలతో డెంగీ వస్తే దానికి యాప్ లేదు.

నేను రైల్వే సిగ్నల్స్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన. ఒక సంగతి చెప్తా. ముంబై కొలాబాలో బ్రిటిష్ వాళ్ల కాలంలో అయస్కాంత పరిశోధనాలయం ఉండేది. ఊర్లోకి కరెంటు ట్రాములు వస్తున్నాయనేసరికి, రీడింగులు చెడిపోతాయని, దాన్ని ఎత్తి సముద్రం అవతల అలీబాగ్‌కు మార్చిన్రు, 1904లో. ట్రాము భయానికే పరిశోధనాలయం ఊరు వదిలిపోతే, మన హనుమకొండలో నీ ఫోన్ చుట్టూ ఏమేం ఉన్నాయో లెక్కపెట్టు. ఫ్రిజ్, ఇన్వర్టర్, బీరువా, స్పీకర్లు, కింద పార్కింగ్‌లో బండ్లు.

శ్రీను_హనుమకొండ | మే 18, రాత్రి 10:04

పెద్దాయన గారూ, అవన్నీ చూశాను. హాల్లో ఒక్క వస్తువూ జరపలేదు. ఇన్వర్టర్ అవతలి గదిలో ఉంది. ఫోన్ ఫిబ్రవరిలో పెట్టిన చోటే ఉంది, కింద పెన్సిల్ గీత కూడా గీశాను.

నల్లరాయి | మే 18, రాత్రి 11:20

ఉస్మానియాలో జియోఫిజిక్స్ చేసి, సర్వే పనుల్లో ప్రోటాన్ మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రం కొలిచే పరికరం) మోసుకుంటూ తిరుగుతుంటాను. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

శ్రీను గారి అనుమానం పిచ్చిది కాదు. రాయిలో మాగ్నెటైట్ అనే ఖనిజం ఉంటుంది. రాయి మీద ఒత్తిడి పెరిగితే దాని అయస్కాంతత్వం కొద్దిగా మారుతుంది. ల్యాబ్‌లో చేసి చూపించవచ్చు. ఇంకో దారి నీళ్లు. లోతున రాతి పగుళ్లలోంచి నీరు ఒత్తిడితో నెట్టుకుపోతే సన్నటి విద్యుత్తు పుడుతుంది, విద్యుత్తు ఉన్నచోట అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అందుకే పెద్ద పెద్దవాళ్లు దీనిమీద దశాబ్దాలు పెట్టారు.

చిక్కు ఎంత మారుతుందన్న దగ్గర వస్తుంది. మన దగ్గర భూమి క్షేత్రం 43 మైక్రోటెస్లాలు, అంటే 43,000 నానోటెస్లాలు. సూర్యుడి వల్ల, వాతావరణం పైపొర అయనోస్ఫియర్‌లో తిరిగే కరెంట్ల వల్ల ఏ గొడవా లేని రోజున కూడా పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి 50 నానోటెస్లాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ మారుతుంది. పోయిన ఏడాది మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుఫాను వచ్చింది, లడఖ్‌లో ఆకాశం ఎర్రబడింది చూడండి, అప్పుడు భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో క్షేత్రం 400 నానోటెస్లాల దాకా పడిపోయింది. భూకంపం కోసం వెతుకుతున్న మార్పు? ఒకటి, రెండు, మహా అయితే అయిదారు నానోటెస్లాలు. అదీ పెద్ద భూకంపానికి, పక్కనే ఉంటే.

ఫోన్‌లో ఉండే సెన్సర్‌కు దిక్కు చూపడమే పని. దాని సొంత వణుకే వంద నానోటెస్లాల పైన ఉంటుంది. దాంతో భూకంప సంకేతం పట్టుకోవడం అంటే ఎనుమాముల మార్కెట్‌లో లారీలు తూచే కాటా మీద ఆవగింజ పెట్టడం.

శ్రీను గారు చెప్పిన పెరుగుదల 43 నుంచి 48, అంటే 5,000 నానోటెస్లాలు. 150 కిలోమీటర్ల దూరంలో 3.8 కాదు కదా, కాళ్ల కింద 7 వచ్చినా అంత మారదు. ఏదో ఇనుము దగ్గరికి వచ్చింది. అంతే.

నర్సంపేట_మిర్చి | మే 18, రాత్రి 11:38

సార్, చదువుకున్నవాళ్లు ఎప్పుడూ ‘అంతే’ అనే అంటారు. మరి 1989లో కాలిఫోర్నియాలో మూడు గంటల ముందు రీడింగ్ అమాంతం ఎగిసిన సంగతి ఏం చేస్తారు? స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరే రాశాడు. అది ఫోన్ కాదు.

రజిత_తాడ్వాయి | మే 19, ఉదయం 6:40

అందరికీ శుభోదయం. నేను ములుగు జిల్లాలో టీచర్‌ని. మాకు ఈ చర్చ వేడుక కాదు.

2024 ఆగస్టు చివర తాడ్వాయి, మేడారం అడవిలో గాలికి వేల చెట్లు ఒక్కసారిగా కూలాయి. మూడు నెలలకు భూకంపం. మేడారం గద్దెల దగ్గర కెమెరాలో ఊగింది అందరూ చూశారు. ఇక ఊర్లలో కథలకు లోటేముంది? చెట్లు ముందే చెప్పాయని కొందరు, అమ్మలకు కోపం వచ్చిందని కొందరు. ఏప్రిల్‌లో రామగుండం పోస్టు వచ్చినప్పుడు మా బడికి పిల్లల్ని పంపలేదు కొందరు. ఒకమ్మాయి నన్ను అడిగింది: ‘టీచర్, ఇవాళ వస్తదా, రేపు వస్తదా?’ ఏం చెప్పను?

ఒక్క సందేహం. ఆ పొద్దున మా కుక్క ఇల్లు కదలడానికి ముందే మొరిగింది. నేను పొయ్యి మీద పాలు చూస్తూ ‘ఎందుకే అరుస్తవ్’ అన్నాను, అనడం అయ్యాకే గిన్నెలు మోగాయి. కొన్ని సెకన్లు. అది అయస్కాంతం వల్లేనా?

నల్లరాయి | మే 19, ఉదయం 8:15

రజిత గారూ, కుక్క విన్నది అయస్కాంతం కాకపోవచ్చు. భూకంపం నుంచి రెండు రకాల అలలు వస్తాయి. ముందొచ్చే పీ అల సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు పోతుంది, సన్నగా ఉంటుంది. మనల్ని ఊపే ఎస్ అల మూడున్నర కిలోమీటర్లే పోతుంది. డిసెంబర్ భూకంపం లోతు 40 కిలోమీటర్లు అని చెప్పారు. మీరు దాని పక్కనే ఉన్నారు కాబట్టి రెండింటికీ మధ్య నాలుగైదు సెకన్లు. శ్రీను గారి హనుమకొండలో పది సెకన్ల పైన. ఆ సన్నటి మొదటి అల కుక్క కాలికి తెలిసింది, మీకు తెలియలేదు. జపాన్‌లో రైళ్లు ఆపేది ఈ తేడాతోనే. అది భూకంపం మొదలయ్యాక పంపే కబురు, ముందే చెప్పే జోస్యం కాదు.

చెట్ల సంగతి: అది బలమైన గాలి పని. వేళ్లు లోతుకు పోని చోట్ల ఎక్కువ పడ్డాయి.

మిర్చి గారూ, మీరన్న భూకంపం లోమా ప్రీటా, 1989 అక్టోబర్ 17, తీవ్రత 6.9. కొరాలిటోస్ అనే చోట, భూకంప కేంద్రానికి 7 కిలోమీటర్లలో, మీరన్న స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఫ్రేజర్-స్మిత్ బృందం పరికరం ఉంది. భూకంపాల కోసం పెట్టింది కాదు, సహజంగా ఉండే అయస్కాంత రొద (క్షేత్రంలో చిన్న చిన్న ఊగిసలాటలు) కొలవడానికి పెట్టింది. దాదాపు రెండు వారాల ముందు నుంచి రొద పెరిగింది, ఆఖరి మూడు గంటల్లో బాగా ఎగిసింది. నేను చదువుకునే రోజుల్లో ఆ గ్రాఫు చూసి నిద్రపట్టలేదు, అబద్ధం చెప్పను. మా సీనియర్లు అది ప్రింటు తీసి రూములో అంటించుకున్నారు.

ఇరవై ఏళ్లకు, 2009లో, అమెరికా వాళ్లే మళ్లీ తవ్వారు. ఒక పరిశీలన ఆ రోజుల్లో సూర్యుడి వల్ల వచ్చిన కదలికే ఎక్కువ అంది. ఇంకోటి మిగతా కేంద్రాల రికార్డులతో పక్కపక్కన పెట్టి, ఆ పరికరమే సరిగ్గా పనిచేయలేదేమో అని తేల్చింది. ఇప్పటికీ వాదం తెగలేదు, కానీ ఆ ఒక్క గ్రాఫు మీద ఇల్లు కట్టలేం.

ఇంకా గట్టి పరీక్ష పార్క్‌ఫీల్డ్. కాలిఫోర్నియాలోనే చిన్న ఊరు. అక్కడ 1857 నుంచి 1966 దాకా సగటున 22 ఏళ్లకొకసారి 6 దగ్గర భూకంపం వచ్చింది. కాబట్టి 1993 లోపు మళ్లీ వస్తుందని చెప్పి, నేలంతా పరికరాలతో నింపారు. మాగ్నెటోమీటర్లు కూడా. అది పదకొండేళ్లు ఆలస్యంగా 2004 సెప్టెంబర్ 28న వచ్చింది. పరికరాలన్నీ మేలుకునే ఉన్నాయి. భూమి చీలిన క్షణంలో ఒక నానోటెస్లా కూడా లేని మార్పు రికార్డయింది. ముందు రోజుల్లో, ముందు గంటల్లో? ఏమీ లేదు.

నర్సంపేట_మిర్చి | మే 19, ఉదయం 8:52

ఒక ఊర్లో ముందు సంకేతం రాలేదని అన్ని ఊర్లలో రాదంటే ఎట్లా సార్? మా బోర్లో నీళ్లు డిసెంబర్ ముందు మట్టి రంగుకు తిరిగాయి. చైనాలో 1975లో హైచెంగ్ ఊరు ఖాళీ చేయించి జనాన్ని కాపాడలేదా?

నల్లరాయి | మే 19, ఉదయం 9:30

కాపాడారు. ఫిబ్రవరి 4, 1975, తీవ్రత 7.3. అక్కడ ముందు రోజుల్లో చిన్న భూకంపాలు వరసగా వందల్లో వచ్చాయి. జనమే భయపడి ఉన్నారు. మరుసటి ఏడాది జులై 28న తాంగ్‌షాన్. అదే దేశం, అదే శాస్త్రవేత్తలు. ముందు ఏ కుదుపూ లేదు, హెచ్చరికా లేదు. అధికారిక లెక్కే రెండు లక్షల నలభై వేలు దాటింది. మొదటిది అందరికీ గుర్తుంటుంది.

మీ బోరు సంగతి కాదనను. భూకంపానికి ముందు నీటి మట్టం, రాడాన్ వాయువు మారినట్టు చాలా చోట్ల రాశారు. మీరు ఎన్నిసార్లు నీళ్లు రంగు మారాయో, వాటిలో ఎన్నిసార్లు భూకంపం రాలేదో కూడా రాసుకున్నారా?

నర్సంపేట_మిర్చి | మే 19, ఉదయం 9:41

వానాకాలంలో ప్రతిసారీ మారతాయి. కానీ అది డిసెంబర్.

ఓసీపీ_భూపాలపల్లి | మే 19, మధ్యాహ్నం 1:25

షిఫ్టు దిగి ఇప్పుడే చదివాను. మా ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ పడితే క్వార్టర్లలో కిటికీ అద్దాలు మోగుతాయి. డిసెంబర్ 4న మా ఆవిడ ‘ఇవాళ ఇంత పొద్దున్నే కొట్టిన్రేంది’ అంది. కాబట్టి ఊగిందన్నా, మోగిందన్నా అందరిదీ ఒకటే కాదు.

నాకు తెలియక అడుగుతున్నా నల్లరాయి అన్నా, బొగ్గు తవ్వడం వల్లే ఇవి వస్తున్నాయా? మా దగ్గర చాలామంది నమ్ముతారు.

నల్లరాయి | మే 19, మధ్యాహ్నం 2:10

గనుల్లో చిన్న కుదుపులు రావడం మామూలే, కానీ అవి పైపైనే ఉంటాయి. 40 కిలోమీటర్ల లోతుకు ఏ గనీ పోదు. బొగ్గు ఉన్నచోటే భూకంపం రావడానికి ఇంకో కారణం ఉంది. ప్రాణహిత, గోదావరి వెంట కోట్ల ఏళ్ల కింద భూమి చీలి పల్లం ఏర్పడింది. ఆ పల్లంలో పేరుకున్న అడవులే మీరు తవ్వే బొగ్గు. ఆ చీలిక పగుళ్లు ఇంకా ఉన్నాయి. మన నేల మొత్తం ఉత్తరాన హిమాలయాన్ని నెడుతూ ఉంది కాబట్టి పాత పగులు అప్పుడప్పుడు కదులుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, అప్పటికి మీ ఓపెన్‌కాస్ట్‌లు ఎక్కడివి?

కాజీపేట_పెద్దాయన | మే 19, సాయంత్రం 4:45

1969ది నాకు యాదికున్నది. మా బాపు ఇత్తడి బిందె దొర్లిపోయిందని చెప్పేటోడు. నేను నిద్రలో ఉన్న.

నల్లరాయి బాబూ, చోటుప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల అయస్కాంత కేంద్రం ఉందంటారు, వాళ్ల దగ్గర ఏం కనిపించింది?

నల్లరాయి | మే 19, సాయంత్రం 6:00

అక్కడి రికార్డు నేను చూడలేదు కాబట్టి మాట్లాడను. కానీ అలాంటి కేంద్రం ఎలా ఉంటుందో చెప్తాను, శ్రీను గారికి పనికొస్తుంది. పరికరాలుండే గదిని ఇనుము లేకుండా కడతారు, మేకులతో సహా ఇత్తడో రాగో వాడతారు. లోపలికి పోవాలంటే తాళాలు, బెల్టు, వాచీ, ఫోన్ బయటే. మేము సర్వేలో కూడా అంతే. ఒకసారి జనగామ వైపు నల్ల డోలరైట్ డైకు (నేల పగులులో గోడలా గట్టిపడ్డ నల్లరాయి) మీద కొలుస్తున్నాం, రీడింగులు గంతులేస్తున్నాయి. రాయి అయస్కాంతత్వం అనుకుని సంబరపడి మూడు గంటలు గ్రాఫు గీశాం. చివరికి చూస్తే సాయానికి వచ్చిన కుర్రాడి చెప్పుల అడుగున ఇనుప నాడా ఉంది.

ఉపగ్రహం సంగతి కూడా. ఫ్రెంచివాళ్లు 2004లో డెమెటర్ పంపారు, 2010 దాకా తిరిగింది. వేల భూకంపాలను కలిపి సగటు తీస్తే ముందు గంటల్లో రేడియో అలల బలంలో చిన్న తగ్గుదల కనిపించింది. ఆసక్తికరమే. కానీ ఒక్కో భూకంపాన్ని పట్టుకుని ‘ఇదిగో వస్తోంది’ అనేంత కాదు. చైనా ఉపగ్రహమూ అదే దారిలో వెతుకుతోంది. వెతకడం ఆపమని నేను అనడం లేదు.

ఏప్రిల్ పోస్టు: రామగుండం అన్నారు, ఆసిఫాబాద్‌లో వచ్చింది. ఏప్రిల్ అన్నారు, మేలో వచ్చింది. హైదరాబాద్, అమరావతి దాకా ఊగుతుందన్నారు, కరీంనగర్ దాకా తెలిసింది. డిసెంబర్‌లో వచ్చిన 5.3కి, మే 5న వచ్చిన 3.8కి శక్తిలో తేడా సుమారు 180 రెట్లు. చోటు, రోజు, తీవ్రత మూడూ సాగదీసుకోవచ్చంటే నేను కూడా రేపు ఒకటి చెప్తాను, తప్పు కాదు. ప్రపంచంలో 4 దాటినవి ఏడాదికి పది వేల పైనే వస్తాయి.

మోడరేటర్ | మే 19, రాత్రి 7:30

తేదీలతో భూకంపం వస్తుందని చెప్పే మూడు లింకులు తీసేశాం. చర్చ కొనసాగించండి. శ్రీను గారూ, మీ కాలనీ గ్రూపు స్క్రీన్‌షాట్‌లో ఫోన్ నంబర్లు కనిపిస్తున్నాయి, అది కూడా తీసేశాం.

కాజీపేట_పెద్దాయన | మే 19, రాత్రి 8:05

శ్రీను, ఒక్కటే ప్రశ్న. ఆ చెక్క అర ఉన్న గోడకు అవతల ఏముంది?

శ్రీను_హనుమకొండ | మే 19, రాత్రి 8:11

వంటిల్లు.

కాజీపేట_పెద్దాయన | మే 19, రాత్రి 8:12

వంటింట్ల ఆ గోడకు ఏమున్నది?

శ్రీను_హనుమకొండ | మే 19, రాత్రి 8:40

సార్.

గ్యాస్ బండ. పాతది ఎప్పుడూ స్టవ్ కింద, అటు మూలకు ఉంటుంది. రెండో సిలిండర్ కనెక్షన్ తీసుకున్నాం, అది మొదటిసారి వచ్చింది. ఎప్పుడు వచ్చిందని మా ఆవిడను అడిగితే పుస్తకం చూసి చెప్పింది. మే 3, శనివారం. చోటు లేక ఈ గోడకు ఆనించి పెట్టింది. గోడ నాలుగు అంగుళాలు. ఫోన్‌కూ సిలిండర్‌కూ మధ్య జానెడున్నర.

దొర్లించి బాల్కనీలో పెట్టి వచ్చి చూశాను. 43.2. మళ్లీ తెచ్చి ఆనించాను. 47.9. మళ్లీ తీశాను. 43.1. మూడోసారి దొర్లిస్తుంటే కింది ఇంటివాళ్లు భూకంపమా అని బయటికి వచ్చారు.

ఓసీపీ_భూపాలపల్లి | మే 19, రాత్రి 8:44

😂😂 ఇవాళ్టికి ఇది చాలు.

రజిత_తాడ్వాయి | మే 19, రాత్రి 9:02

నవ్వకండి, ఆయన మూడు నెలలు రోజుకు మూడుసార్లు రాశాడు. మా పిల్లలకు ఇదే ప్రయోగం చేయిస్తాను, శ్రీను గారి పేరు చెప్పే. ఫోన్, గోడ, అవతల ఇనుము. ఎంత దూరంలో ఎంత మారుతుందో గ్రాఫు గీయిస్తాను.

నల్లరాయి | మే 19, రాత్రి 9:20

గీయించండి. దూరం రెట్టింపు చేస్తే మార్పు దాదాపు ఎనిమిదో వంతుకు పడాలి. జానెడున్నరలో 5 మైక్రోటెస్లాలు చూపించిన సిలిండర్ రెండు మీటర్ల అవతల కనిపించకుండా పోతుంది. 40 కిలోమీటర్ల లోతు నుంచి రావాల్సిన సంకేతం సంగతి పిల్లలే లెక్కేస్తారు.

నర్సంపేట_మిర్చి | మే 19, రాత్రి 9:47

సిలిండర్ ఒప్పుకుంటాను. బోరు ఒప్పుకోను. ఇవాళ్టి నుంచి నేను కూడా నోట్‌బుక్ పెడుతున్నాను, వాన పడిన రోజులు వేరే రంగు పెన్నుతో. నల్లరాయి సార్, లోపల నీటి మట్టం కొలవాలంటే తాడుకు రాయి కడితే చాలా, ఇంకేమైనా కొనాలా?

నల్లరాయి | మే 19, రాత్రి 10:05

తాడు వద్దు, తడిస్తే సాగుతుంది. టేపు వాడండి. రోజూ ఒకే టైముకు, మోటారు వేయకముందు కొలవండి. పక్క పొలం వాళ్ల మోటారు ఎప్పుడు ఆడిందో కూడా రాయండి.

శ్రీను_హనుమకొండ | మే 19, రాత్రి 10:30

కాలనీ గ్రూపులో సిలిండర్ సంగతి పెట్టేశాను. ముగ్గురు లోపలికి వెళ్లారు. మా అత్తమ్మ మాత్రం వాకిట్లోనే గాలి బాగుందంటోంది.